పన్ను సంగతి ఏదీ?

చిరంజీవికి ఆశీస్సులు.

నైజీరియాలో ఆడవాళ్ల పన్ను పోరాటాన్ని నడిపిన ఫున్మిలాయో రాన్సమ్-కుటి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి వాక్యం దగ్గరే ఒళ్లు మండింది. "గాయకుడు ఫెలాను కన్న తల్లి, చీకటి ఖండంలో వెలిగిన దీపం" అన్నావు. ఫెలా పుట్టింది 1938లో. ఆవిడ తన ఊరు అబెయోకుటలో ఆడవాళ్ల క్లబ్బు పెట్టింది 1932లో. కొడుకు పుట్టకముందే పనిలోకి దిగిన మనిషిని కొడుకు పేరుతో పరిచయం చేస్తావా? ఇక "చీకటి ఖండం" అన్నది ఆ నేలను ఏలడానికి వచ్చినవాళ్లు పెట్టిన పేరు. కొట్టెయ్.

నీ వ్యాసంలో "తొలి మహిళ" తొమ్మిది చోట్ల ఉంది, "పన్ను" ఒక్క చోట. మన సంపాదకులకు ఈ "తొలి" పిచ్చి ముదిరిపోయింది. మార్చి 8, మహిళా దినం వస్తే చాలు, పుట్టిన తేదీ, ఒక ఘనత, నాలుగు బిరుదులు, పక్కన ఫొటో. చోటు చాలదని కత్తిరించేదల్లా అసలు కథే. రాజకీయాల్లో బతికిన మనిషి గురించి రాయాలంటే ముందు ఒకటి తేల్చుకోవాలి: ఎవరి చేతిలోని డబ్బు ఎవరి చేతికి పోయింది?

అబెయోకుటలో బ్రిటిష్‌వాళ్లు నేరుగా పాలించలేదు. అక్కడి ఎగ్బా ప్రజల రాజును ముందు పెట్టి పాలించారు. ఆ రాజు బిరుదే అలకే. పన్ను వసూలు ఆయన యంత్రాంగానిదే. ఆడపిల్లలు మగపిల్లలకంటే ముందే, 15 ఏళ్లకే పన్ను కట్టాలి. ఆడవాళ్లకు రాబడితో పనిలేని ఒకే రేటు. వాళ్ల తరఫున మాట్లాడే ఆడమనిషి మాత్రం పాలనలో లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సంతలో అమ్ముకునేవాళ్ల బియ్యం కూడా పట్టుకుపోయారు. ఇదంతా నీ రెండో పేరాలోనే రావాలి. లేకపోతే 1947లో అంతమంది ఎందుకు కదిలారో చదివేవాడికి అంతుపట్టదు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన 1944 దగ్గర ఆగు. అప్పటిదాకా ఆవిడ పెట్టినది చదువుకున్న ఇళ్ల ఆడవాళ్ల క్లబ్బు. ఆ ఏడు సంతలో వ్యాపారం చేసుకునే ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. పలక పట్టుకు కూర్చున్నవాళ్ల నోటి నుంచే బియ్యం గొడవ, పన్ను గొడవ బయటికొచ్చాయి. నేర్పడానికి వెళ్లినవాళ్లు నేర్చుకుని వచ్చారు. 1946లో క్లబ్బు అబెయోకుట స్త్రీల సంఘమైంది. పేరులోంచి "లేడీస్" పోయి "విమెన్" వచ్చింది. ఆవిడ గౌన్లు వదిలేసి, సంతలో ఆడవాళ్లలాగే యొరుబా బట్ట చుట్టుకుంది. ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి సభల్లో యొరుబాలోనే మాట్లాడింది. తెల్ల అధికారికి దుబాసీ కావాల్సి వచ్చింది. ఈ దృశ్యాన్ని నిదానంగా రాయి. "సాదాసీదాగా ఉండేది" అని నువ్వు తేల్చేసిన చోట అసలు ఎత్తుగడ ఉంది.

"వీరోచితంగా పోరాడింది" అనకు, ఏంచేసిందో చెప్పు. అర్జీలు పెట్టింది. సంఘం ఒక అకౌంటెంటును పెట్టి అలకే పాలన లెక్కలు తనిఖీ చేయించింది. ఊరేగింపుకు అనుమతి ఇవ్వకపోతే వాటిని పిక్నిక్కులన్నారు, పండుగలన్నారు. బాష్పవాయువు గుళ్లు వచ్చి పడితే చేత్తో అందుకుని తిరిగి ఎలా విసరాలో తన ఇంట్లోనే నేర్పింది. 1947 నవంబరు చివర వేలమంది ఆడవాళ్లు రాజప్రాసాదం ముందు బైఠాయించి, అలకేను ఎగతాళి చేస్తూ పాటలు పాడారు. 1949 జనవరిలో ఆయన గద్దె దిగాడు.

కొత్తవాళ్లంతా జారిపడేది ఇక్కడే. నువ్వూ గెలుపు దగ్గర చప్పట్లు కొట్టి ముగించావు. 1950 చివర్లో అలకే తిరిగొచ్చాడు తెలుసా? 1959లో ఆవిడ పార్టీయే ఆవిడకు టికెట్ ఇవ్వలేదు. స్వతంత్రంగా నిలబడింది, ఓట్లు చీలాయి, ఓడిపోయింది. చైనా వెళ్లొచ్చాక ప్రభుత్వం ఆవిడ పాస్‌పోర్టు పునరుద్ధరించలేదు. ఉత్తర నైజీరియా ఆడవాళ్లకు ఓటు వచ్చింది 1976లో. ఈ ఓటములు రాయకపోతే ఆవిడ ఎంత పెద్ద గోడను ఢీకొందో తెలియదు.

1977 ఫిబ్రవరి 18న సైనికులు ఫెలా ఇంటి మీద పడి, 76 ఏళ్ల ఆ తల్లిని కిటికీలోంచి కిందికి తోసేసిన పేరా బాగా రాశావు. అది చదివి కాసేపు కాగితాలు పక్కన పెట్టాను. కానీ వెంటనే "విధి వక్రించింది" అన్నావు. విధి కాదమ్మా, సైనికులు. మరుసటి ఏడాది ఏప్రిల్ 13న ఆవిడ చనిపోయేదాకా తేదీల వెంటే వెళ్లు, విశేషణాలు వద్దు.

పోటీకి పంపమంటారా అని అడిగావు. ముందు 1944 దగ్గర్నుంచి తిరగరాయి. నాలుగు పేజీలు చాలు, కాగితానికి ఒకవైపే రాసి పంపు.