మంత్రానికీ ఒక లాకు పెట్టండి

ప్రశ్న: మాది కోనసీమ. మంత్రాలూ యంత్రాలూ కలిపి ఒక సాహస నవల రాస్తున్నాను. హీరోయిన్ మంత్రం చదివితే గోదావరి వరద ఆగిపోతుంది, పైగా ఆమె దగ్గర డ్రోన్ కూడా ఉంది. చదివిన మా బావ "టెన్షనే లేదు" అన్నాడు. తప్పెక్కడ?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ బావగారు సరిగ్గానే పట్టుకున్నారండి. మంత్రమే అన్నీ చేసేస్తే ఇక డ్రోన్ ఎందుకు, ఛార్జింగ్ దండగ! కాలవ మీద లాకులు చూసే ఉంటారు. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసి, తూముల్లోంచి నీళ్లు వదులుతారు, రెండు వైపులా మట్టం సమానమయ్యేదాకా ముందు తలుపులు ఎంతమంది తోసినా కదలవు. మంత్రానికీ అలాంటి మెలిక ఒకటి ఉండాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లున్నాయి, అయినా 1986లో లంకలు మునిగాయి కదా. అందుకని మీ హీరోయిన్ వరదని ఆపలేదు, మళ్లించగలదు అంతే అనుకోండి. ఒక లంక గట్టెక్కితే ఆ నీళ్లు ఇంకో లంక మీద పడతాయి, అక్కడ ఆమె మేనత్త ఉంటుంది. గట్టు ఎక్కడ కోసుకుపోతోందో డ్రోన్ చూపిస్తుంది గానీ ఎవర్ని ముంచాలో చెప్పదు. ఆ అధ్యాయం రాసి ముందు బావగారికే ఇవ్వండి.