న్యూయార్క్ సిటీలోని క్వీన్స్‌లో ఆరు ఫ్లాట్ల రెంట్ స్టెబిలైజ్డ్ బిల్డింగ్ కొని అందులోనే ఉండొచ్చా?

ఒక ఫ్లాట్‌లో మీరుండి, మిగతా ఐదింటి అద్దెతో లోన్ కట్టుకోవచ్చా అని కదా మీ ప్రశ్న. కట్టుకోవచ్చు, మేమూ క్వీన్స్‌లోని రిడ్జ్‌వుడ్‌లో అలాంటి పాత ఇటుకల బిల్డింగే కొని అందులోనే ఉంటున్నాం. కానీ క్లోజింగ్ నాటికి, అంటే డబ్బు కట్టి బిల్డింగ్ మన పేరు మీదకి మార్చుకునే రోజుకి, ఒక ఫ్లాట్ ఖాళీగా చేతికొస్తేనే కొనండి. "తర్వాత ఎవరినో ఒకరిని ఖాళీ చేయించుకోవచ్చులెండి" అని బ్రోకర్ అంటే అస్సలు నమ్మకండి.

1974కి ముందు కట్టి, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఫ్లాట్లున్న బిల్డింగులు న్యూయార్క్ సిటీలో చాలావరకు రెంట్ స్టెబిలైజేషన్ చట్టం కిందకే వస్తాయి, అంటే అద్దె పెంచడానికీ ఖాళీ చేయించడానికీ ప్రభుత్వం పెట్టిన పరిమితులుంటాయి. లీజు అయిపోయినా అద్దెకున్నవాళ్లకి ఓనర్ రెన్యువల్ ఇవ్వాల్సిందే. 2019 జూన్‌లో చట్టం మారాక ఓనర్ తన కోసం తీసుకోగలిగేది ఒక్క ఫ్లాటే, అదీ వెంటనే తప్పనిసరిగా అవసరమని కోర్టులో నిరూపిస్తేనే. ఆ ఇంట్లో 62 ఏళ్లు నిండినవాళ్లో, వైకల్యం ఉన్నవాళ్లో, 15 ఏళ్లుగా ఉంటున్నవాళ్లో ఉంటే దగ్గర్లోనే అలాంటి ఇల్లు, అదే అద్దెకో తక్కువకో మీరే చూపించాలి. ఆ అద్దెకి ఇప్పుడెక్కడ దొరుకుతుంది? హైదరాబాద్‌లో పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకుని, మనకి కావాలంటే ఖాళీ చేయమనే అలవాటుతో ఇక్కడ లెక్కలు వేయకూడదు.

ఈ రోజు వస్తున్న అద్దెతోనే లెక్క వేయండి. ఫ్లాట్ ఖాళీ అయితే మార్కెట్ రేటుకి ఇచ్చుకునే దారి 2019తో మూసుకుపోయింది. ఏటా పెంపు సిటీలో దీన్ని నిర్ణయించే రెంట్ గైడ్‌లైన్స్ బోర్డ్ చెప్పినంతే, 2015, 2016, 2020లలో ఏడాది లీజులకి సున్నా శాతమే ఇచ్చింది. ఫ్లాట్ బాగు చేయించిన ఖర్చులో అద్దె మీద వేసుకోగలిగేదానికీ పరిమితి ఉంది, 2024లో పెంచాక కూడా మామూలుగా 30,000 డాలర్లు, కొన్ని సందర్భాల్లో 50,000. వందేళ్ల బిల్డింగ్‌లో వైరింగ్, పైపులు, లెడ్ పెయింట్ ముట్టుకుంటే అదెక్కడికి సరిపోతుంది?

ఇంకోటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. అడ్వాన్స్ ఇచ్చేముందు ప్రతి ఫ్లాట్‌కీ డీహెచ్‌సీఆర్ (అద్దె ఇళ్లని చూసే రాష్ట్ర శాఖ) దగ్గర రిజిస్టరైన అద్దెల రికార్డు, అంటే రెంట్ హిస్టరీ, అమ్మేవాళ్ల చేత తెప్పించండి, వాళ్లు చూపించే రెంట్ రోల్ (ఇప్పుడొస్తున్న అద్దెల జాబితా) చూసి సరిపెట్టుకోకండి. దీనికంటే ముందు మేం చూసిన ఒక బిల్డింగ్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌కి ఏళ్ల తరబడి ఆ శాఖ దగ్గర అద్దె రిజిస్ట్రేషనే లేదు, అద్దె మాత్రం పక్క ఫ్లాట్‌కి రెట్టింపు తీసుకుంటున్నారు. లాయర్ చూసి వద్దనేశారు, ఎందుకంటే పాత ఓనర్ ఎక్కువ వసూలు చేసినా అద్దెకున్నవాళ్లు కంప్లయింట్ ఇస్తే కట్టాల్సింది కొత్త ఓనరే. ఆరేళ్లు వెనక్కి లెక్క చూస్తారు, కావాలని చేశారని తేలితే మూడు రెట్లు.

లోన్ సంగతి కూడా వేరు. ఐదు ఫ్లాట్లు, ఆపైన ఉంటే మీరు అందులోనే ఉన్నా కమర్షియల్ లోనే. కొన్నేళ్లకి రీఫైనాన్స్ చేయాల్సి (పాత లోన్ తీర్చి కొత్తది తీసుకోవాల్సి) వచ్చినప్పుడు వడ్డీ పెరిగి ఉండొచ్చు, దానికి తగ్గట్టు అద్దెలు పెరగవు.

ఇక అక్కడే ఉండటం గురించి. అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు హీట్ మన బాధ్యత: పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే ఇంట్లో 68, రాత్రి బయట ఎంతున్నా 62 ఉండాలి. బాయిలర్ ఆగితే అర్ధరాత్రయినా మన తలుపే కొడతారు, కొట్టాలి కూడా. మా పైన ఉండే పెద్దావిడ మేం కొనేనాటికే ఎన్నో ఏళ్లుగా ఆ ఫ్లాట్‌లో ఉంటున్నారు, బిల్డింగ్ మొత్తంలో తక్కువ అద్దె ఆవిడదే. డబ్బిచ్చి పంపించేయండని మాకు చాలామంది చెప్పారు. అలా అడగడానికీ రూల్స్ ఉన్నాయి, అద్దెకున్నవాళ్లు వద్దని రాసిస్తే 180 రోజులు ఆ మాటే ఎత్తకూడదు. మేం అసలు అడగలేదు. ఆవిడ అద్దె ఎంతో తెలిసే కొన్నాం, అది ఆవిడ ఇల్లు. ఇలా అనుకోలేకపోతే ఈ రకం బిల్డింగ్ జోలికి వెళ్లొద్దు.

మీరు చూస్తున్న బిల్డింగ్‌లో ఆరు ఫ్లాట్లూ నిండి ఉంటే వదిలేసి మూడు కుటుంబాల ఇల్లు చూడండి. మామూలు హోమ్ లోన్ వస్తుంది, స్టెబిలైజేషన్ కూడా సాధారణంగా ఉండదు.