64 క్రెడిట్లు పూర్తయినా డిగ్రీ ఎందుకు రాలేదు?

ప్రశ్న: మా అమ్మాయి ఎఫ్-1 వీసా మీద టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీలో చదువుతోంది. అసోసియేట్ ఆఫ్ సైన్స్ అనే రెండేళ్ల డిగ్రీకి 60 క్రెడిట్లు చాలన్నారు, తనకి 64 అయ్యాయి. అయినా ఈ మే నెలలో గ్రాడ్యుయేషన్ కుదరదంటున్నారట. ఇంకో సెమిస్టర్ ఫీజు కోసమే ఇలా చేస్తున్నారా? నేను ఫోన్ చేసి మాట్లాడనా? అమ్మాయి పంపిన స్క్రీన్‌షాట్ జత చేశాను.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఫీజు కోసం కాదండీ. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లోనే సంగతంతా ఉంది. అది డిగ్రీ ఆడిట్ పేజీ, అంటే డిగ్రీకి కావాల్సినవాటిలో ఏవి అయ్యాయో, ఏవి మిగిలాయో చూపించే పేజీ. పై నుంచి చూసుకుంటూ రండి, ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, హిస్టరీ అన్నిటికీ ఆకుపచ్చ టిక్కులున్నాయి, ఒక్క వరసలో మాత్రం ఎర్ర గుర్తు ఉంది: గవర్నమెంట్ 2306. అది టెక్సాస్ రాష్ట్ర ప్రభుత్వం గురించి చెప్పే కోర్సు. టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీ ఏదైనా సరే, ఇలాంటి డిగ్రీకి 42 క్రెడిట్ల కోర్, అంటే తప్పనిసరి కోర్సుల గుంపు, ఉంటుంది, అందులో అమెరికా చరిత్ర 6, గవర్నమెంట్ 6 తప్పనిసరి. కంప్యూటర్లు చదువుకునే పిల్లకి టెక్సాస్ రాజ్యాంగంతో ఏం పనని మీరు అడగొచ్చు, నాకూ అదే అనిపిస్తుంది, కానీ అది రాష్ట్రం పెట్టిన నియమం, కాలేజీ చేతిలో లేదు.

ఇక ఆ 64 సంగతి. పేజీ అడుగున డిగ్రీ లెక్కలోకి రాని కోర్సులని విడిగా చూపించారు చూడండి: ఇష్టంతో తీసుకున్న రెండు కంప్యూటర్ కోర్సులు, ఒక క్రెడిట్ జిమ్ క్లాసు. అవి 7 క్రెడిట్లు. అవి పోను లెక్కకొచ్చేవి 57, కావాల్సినవి 60, ఆ తేడా ఈ ఒక్క కోర్సే. మొత్తం కూడితే సరిపోదండీ, ఏ గ్రూపు క్రెడిట్లు ఆ గ్రూపులో నిండాలి. ప్లేస్‌మెంట్ టెస్టులో మార్కులు తగ్గితే చదివించే డెవలప్‌మెంటల్ మ్యాథ్స్, ఇంగ్లిష్ కోర్సులు కూడా ఫీజు కట్టి చదివినా డిగ్రీకి లెక్క రావు, చాలామంది అక్కడే దెబ్బతింటారు. వీటికి తోడు జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 2.0కి తగ్గకూడదు, టెక్సాస్‌లాంటి చోట్ల కనీసం నాలుగో వంతు క్రెడిట్లు ఆ కాలేజీలోనే చదివుండాలి.

ఏ రూల్స్ వర్తిస్తాయనేది సాధారణంగా చేరిన సంవత్సరం క్యాటలాగ్‌ని, అంటే కాలేజీ ఆ ఏడాది ఇచ్చిన కోర్సులు, రూల్స్ పుస్తకాన్ని బట్టి ఉంటుంది. మన జేఎన్‌టీయూలో ఆర్18 రెగ్యులేషన్ వాళ్లకి ఒక లెక్క, ఆర్22 వాళ్లకి ఇంకో లెక్క ఉన్నట్టే. కాబట్టి సీనియర్ చెప్పిన లిస్టు పట్టుకుని కోర్సులు ఎంచుకోవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి.

మీరు ఫోన్ చేసి లాభం లేదు. ఫెర్పా అనే చట్టం ప్రకారం విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, ఫీజు కట్టేది మీరే అయినా, కాలేజీ వాళ్లు సాధారణంగా మీకేమీ చెప్పరు. అమ్మాయే అడ్వైజర్ దగ్గరికి వెళ్లాలి, అంతకంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లాలి. ఎందుకంటే ఐ-20లో, అంటే వీసా కోసం కాలేజీ ఇచ్చిన పత్రంలో, ప్రోగ్రామ్ ముగిసే తేదీ మే అని ఉంటే, ఆ తేదీ దాటకముందే పొడిగింపు అడగాలి, దాటాక అడిగితే పెద్ద టెన్షన్. సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉండాలన్నది మామూలు రూలు, కానీ ఆఖరి సెమిస్టర్‌లో ఒక్క కోర్సే మిగిలితే ముందుగా అనుమతి తీసుకుని అదొక్కటే చదవొచ్చు. అయితే అది పూర్తి ఆన్‌లైన్ కోర్సు కాకూడదు, క్లాసుకి వెళ్లి కూర్చునేదే తీసుకోవాలి. ఆ కోర్సు నడుస్తుండగానే గ్రాడ్యుయేషన్‌కి అప్లికేషన్ పెట్టమనండి, చాలా కాలేజీల్లో అన్నీ పూర్తయినా అప్లికేషన్ లేకపోతే డిగ్రీ ఇవ్వరు, దానికీ గడువుంటుంది.

ప్రశ్న: సార్, ఇంటర్ ఎంపీసీ అయింది. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఏఏఎస్ డిగ్రీ చేస్తే నేరుగా యూనివర్సిటీ మూడో సంవత్సరంలో చేరొచ్చంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ ఏఏఎస్‌లో మధ్య అక్షరం దగ్గరే తేడా వస్తుంది తమ్ముడూ. ఏఏ (అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్), ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) డిగ్రీలు యూనివర్సిటీకి బదిలీ అవ్వడానికి పెట్టినవి. ఏఏఎస్, అంటే అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్, చదువు కాగానే ఉద్యోగంలో చేరేవాళ్ల కోసం పెట్టింది. అందులో జనరల్ కోర్సులు తక్కువ, ప్రాక్టికల్ ఎక్కువ, కాబట్టి యూనివర్సిటీలు అందులో చాలా క్రెడిట్లు తీసుకోవు. కొన్ని యూనివర్సిటీలతో ప్రత్యేక ఒప్పందాలుంటాయి, నీకు చెప్పిన కాలేజీకి అలాంటిదుంటే కాగితం మీద చూపించమను, నోటిమాట కాదు. ఇంకోటి, డి గ్రేడుతో చాలాచోట్ల కోర్సు పాసైనట్టే లెక్క, కానీ బదిలీకి సాధారణంగా సి అడుగుతారు. అసోసియేట్ డిగ్రీ తర్వాత కూడా 12 నెలల ఓపీటీ, అంటే చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, ఉంటుంది గానీ, సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ వాళ్లకి ఉండే స్టెమ్ పొడిగింపుకి బ్యాచిలర్స్ లేదా ఆపై డిగ్రీ కావాలి. ఈ ముక్క కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారా?

ప్రశ్న: ఉస్మానియాలో బీకాం చేశాను. పెళ్లయింది, హెచ్-4 డిపెండెంట్ వీసా మీద అమెరికా వెళ్తున్నాను. అక్కడ అకౌంటింగ్‌లో సర్టిఫికెట్ చేయనా, డిగ్రీ చేయనా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: చేతిలో బీకాం ఉంది కదమ్మా, మళ్లీ రెండేళ్ల డిగ్రీ ఎందుకు? సర్టిఫికెట్‌లో దాదాపుగా సబ్జెక్టు కోర్సులే ఉంటాయి, హిస్టరీ, సైన్స్ లాంటివి సాధారణంగా ఉండవు, కాబట్టి త్వరగా అయిపోతుంది. తర్వాత మనసు మారితే ఆ క్రెడిట్లు అదే కాలేజీ డిగ్రీలో కలుపుకునే వీలు తరచుగా ఉంటుంది. దానికీ జీపీఏ, ఆ కాలేజీలోనే చదవాల్సిన కనీస క్రెడిట్లు, గ్రాడ్యుయేషన్ అప్లికేషన్ అన్నీ ఉంటాయి, చిన్న కోర్సే కదా అని వదిలేయకండి. హెచ్-4 మీద చదువుకోవచ్చు, పార్ట్‌టైమ్ అయినా పర్వాలేదు, కానీ వర్క్ పర్మిట్ లేకుండా ఉద్యోగం చేయకూడదు. వెళ్లేముందు మాత్రం ఒకరోజు ఉస్మానియా ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కి వెళ్లి ట్రాన్స్‌క్రిప్టుల సంగతి చూసుకోండి. మీ బీకాంకి అక్కడ క్రెడిట్లు ఇవ్వాలంటే విదేశీ డిగ్రీలని అంచనా వేసే వెస్ లాంటి సంస్థతో కోర్సులవారీగా మదింపు చేయించాలి, దానికి మార్కుల మెమోల జిరాక్సులు సరిపోవు. అక్కడికెళ్లాక ఇవన్నీ తెప్పించుకోవాలంటే ఇక్కడ మీ నాన్నగారు తిరగాలి.

ప్రశ్న: మా అమ్మాయికి వచ్చిన సంబంధంలో అబ్బాయి కమ్యూనిటీ కాలేజీలో గ్రాడ్యుయేట్ అయ్యాడన్నారు. గౌనూ టోపీ వేసుకున్న ఫొటో పంపారు. అది చాలా?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: ఫొటో చాలదమ్మా. చాలా కాలేజీల్లో ఆఖరి సెమిస్టర్ మార్కులు తేలకముందే ఫంక్షన్ పెట్టేస్తారు, ఒకటో రెండో కోర్సులు మిగిలినవాళ్లని కూడా స్టేజీ ఎక్కనిస్తారు. డిగ్రీ వచ్చిందో లేదో తెలిసేది ట్రాన్స్‌క్రిప్ట్‌లో. డిగ్రీ పేరు, ఇచ్చిన తేదీ అందులో ఒక లైనుగా పడతాయి, ఆ లైను పడటానికి ఫంక్షన్ తర్వాత కొన్ని వారాలు పట్టొచ్చు. అఫిషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ నేరుగా కాలేజీ నుంచే మీ మెయిల్‌కి పంపించమని అబ్బాయినే మర్యాదగా అడగండి. అక్కడి కంపెనీలు ఉద్యోగమిచ్చేముందు డిగ్రీ సరిచూసుకుంటాయి, అతనికి ఇది కొత్తేమీ కాదు. అడిగినందుకు అబ్బాయి తరఫువాళ్లు నొచ్చుకుంటే మాత్రం, మీ అమ్మాయి బీటెక్ మెమోలు మీరే ముందు పంపండి.