మౌస్ లేకుండా వర్డ్‌లో అక్షరదోషాలు దిద్దడం ఎలా?

మణికట్టు నొప్పి వల్ల మౌస్ పట్టుకోలేకపోతున్నాను, ఎర్రగీత పడ్డ మాటల్ని కీబోర్డుతోనే దిద్దుకోవచ్చా, తెలుగులో కూడా కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. అలవాటైతే మౌస్ కన్నా బేగి అవుతుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర డీటీపీ షాపులో పనిచేస్తాను. అర్జీలు, దస్తావేజులు టైపు చేయించుకునేవాళ్లు ఎదురుగా బల్ల మీదే కూర్చుని "బేగి కొట్టియ్యండి బాబూ, ఆఫీసు మూసేస్తారు" అంటుంటారు. అంత తొందరలో మౌస్ కోసం చెయ్యి తీయబుద్ధి కాదు.

వర్డ్‌లో ముందు నేర్చుకోవాల్సింది ఆల్ట్, ఎఫ్7 కలిపి నొక్కడం. కర్సర్ ఎక్కడుంటే అక్కడి నుంచి తర్వాతి ఎర్రగీత మాట దగ్గరికి పోయి, సరైన మాటల చిట్టా అక్కడే తెరుస్తుంది. కింది బాణంతో కావాల్సిన మాట మీదికి వెళ్లి ఎంటర్ కొట్టండి, నచ్చకపోతే ఎస్కేప్. మళ్లీ ఆల్ట్, ఎఫ్7. ఒట్టి ఎఫ్7 కూడా స్పెల్లింగ్ చూస్తుంది గానీ, పక్కన వేరే పెట్టె తెరుస్తుంది. అందులో ట్యాబ్ కొట్టుకుంటూ తిరగడం నాకు విసుగు.

వర్డ్ కాకుండా బ్రౌజర్‌లో ఏదైనా రాస్తున్నప్పుడు, ఎర్రగీత మాటలో కర్సర్ పెట్టి షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే రైట్ క్లిక్ చేసినట్టే మెనూ వస్తుంది. గూగుల్ డాక్స్‌లో అయితే కంట్రోల్‌తో సింగిల్ కోట్ గుర్తు కీ నొక్కితే తర్వాతి తప్పుకు, కంట్రోల్‌తో సెమీకోలన్ నొక్కితే వెనకటి తప్పుకు పోతుంది.

ఇంగ్లీషు మాట తప్పు పడితే దాని మధ్యలోకి దూరి ఒక్కో అక్షరం మార్చకండి. కంట్రోల్ పట్టుకుని ఎడమ, కుడి బాణాలు కొడితే మాట మాట చొప్పున కదులుతుంది. తప్పు మాట చివర ఆగి కంట్రోల్, బ్యాక్‌స్పేస్ కొడితే మొత్తం మాట పోతుంది. మళ్లీ కొట్టేయండి. వేళ్లకు మాట మొత్తంగానే అలవాటు కాబట్టి సగం నుంచి అతికించడం కన్నా ఇదే సులువు.

తెలుగులో మాత్రం దీనికి తిరగేసి చేయాలి. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలకు వాడే ఉమ్మడి సంకేతాల పద్ధతిలో, 'స్త్రీ' అన్నది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘగుడి కలిపి 6 సంకేతాలు. బాణం కీ వీటన్నిటినీ ఒకే అక్షరంగా దాటేస్తుంది. అక్షరం ముందు నిలబడి డిలీట్ కొడితే మొత్తం పోతుంది. అదే వెనక నుంచి బ్యాక్‌స్పేస్ కొడితే చివరిది ఒక్కటే పోతుంది. అంటే 'స్త్రి' అని పడితే దాని వెనక కర్సర్ పెట్టి ఒక్క బ్యాక్‌స్పేస్, తర్వాత దీర్ఘగుడి. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో అది ఆర్ కీ మీద ఉంటుంది. ఒత్తు తప్పు పడ్డా ఇంతే. తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య మారడానికి విండోస్ కీ, స్పేస్ బార్.

ఇక మన ఊళ్ల పేర్ల బాధ. ఆమదాలవలస, నరసన్నపేట, గజపతినగరం అని ఇంగ్లీషులో ఏది కొట్టినా వర్డ్ ఎర్రగీత గీస్తుంది. సరిగ్గా ఉన్నప్పుడు ఆల్ట్, ఎఫ్7 తెరిచే మెనూలోనే డిక్షనరీకి చేర్చండి, మళ్లీ అడగదు. కానీ చేర్చే ముందు స్పెల్లింగ్ ఖాయం చేసుకోండి. చీపురుపల్లిని కొందరు ఒక ఐతో, కొందరు రెండు ఈలతో రాస్తారు. ఇచ్ఛాపురానికి కొందరు సీహెచ్ ఒకసారే వేస్తారు, కొందరు రెండుసార్లు. అర్జీదారు ఆధార్ కార్డులో, పట్టాదారు పుస్తకంలో ఎలా ఉంటే అలా కొట్టడమే మంచిది, అక్కడ వర్డ్ మాట వినకండి.

పదే పదే వచ్చే పేర్లకు ఆటోకరెక్ట్‌లో, అంటే కొట్టిన మాటను వర్డ్ తనే మార్చే ఏర్పాటులో, పొట్టి పేరు పెట్టుకోండి. ఆల్ట్, ఎఫ్, టి వరసగా నొక్కితే ఆప్షన్స్ వస్తాయి, అక్కడ ప్రూఫింగ్‌లో ఉంటుంది. మా రైల్వే స్టేషన్ కోడ్ వీజెడ్ఎం కొట్టి స్పేస్ ఇస్తే విజయనగరం అని ఇంగ్లీషులో పూర్తిగా పడేలా నేను పెట్టుకున్నాను. ఆటోకరెక్ట్ తనంతట తాను ఏ ఇంటిపేరునైనా మార్చేస్తే వెంటనే కంట్రోల్, జెడ్ కొట్టండి. మీరు కొట్టింది వెనక్కి వస్తుంది.

'అను' అనే పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టిన ఫైళ్ల జోలికి మాత్రం స్పెల్ చెక్‌ని పోనివ్వకండి. తెరమీద తెలుగే కనిపించినా లోపల ఉన్నవి యూనికోడ్ తెలుగు సంకేతాలు కావు, కాబట్టి దానికి అక్కడ ఏ మాటా అర్థం కాదు. అలాంటివి చదువుకుంటూ దిద్దుకోవాల్సిందే.

ఎఫ్7 నొక్కితే స్పెల్ చెక్ రాకుండా ఇంకేదో అయితే మీది ల్యాప్‌టాప్ అయ్యుంటుంది. ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కండి. చాలా మోడళ్లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ ఒకసారి కలిపి కొడితే ఆ బెడద తీరుతుంది.