తాడు లాగినా తైవాన్ పంపు స్టార్ట్ కాకపోతే...

ప్రశ్న: మిర్చి అయిపోయాక మందు కొట్టే టూ స్ట్రోక్ తైవాన్ పంపును ట్యాంకులో పెట్రోలు ఉండగానే మూలన పెట్టాం. ఇప్పుడు ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు. కార్బొరేటర్ మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– మిర్చి రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: అప్పుడే కొనకండి. ముందు ట్యాంకులోని పాత పెట్రోలు తీసేయండి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని చెమ్మను పీలుస్తుంది. చెమ్మ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. ట్యాంకులోని పైపు లాగేదేమో ఆ అడుగునున్నదాన్నే. కొత్తగా లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూ-టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలపండి (మీ పంపు పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి). ఇంజన్‌కు మంచిదని 60, 70 మి.లీ. పోసేవాళ్లున్నారు. స్పార్క్ ప్లగ్గుకూ సైలెన్సర్‌కూ మసి పట్టేది అందుకే.

ఇప్పుడు గాలిని తగ్గించే చోక్ మూసి ఐదారుసార్లు తాడు లాగి, ప్లగ్ విప్పి కొన చూడండి. జబ్బు ఎటువైపుందో అదే చెబుతుంది.

కొన పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. కార్బొరేటర్ దగ్గర నొక్కే బల్బు ఉన్న రకమైతే నొక్కి చూడండి. బల్బు నిండకపోతే పైపు పగిలిందో, ట్యాంకులోని ఫిల్టర్ పూడిందో చూడాలి. నిండినా ప్లగ్ తడవకపోతే లోపలి పల్చటి డయాఫ్రం గట్టిపడి ఉంటుంది. డయాఫ్రం, ప్యాకింగ్‌లు కలిపి రిపేర్ కిట్‌గా దొరుకుతాయి. చాలాసార్లు అదే సరిపోతుంది. విప్పేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, తారుమారైతే పెట్రోలు అందదు. బల్బు లేకుండా కింద పెట్రోలు నిలిచే బౌల్ ఉన్న రకమైతే బౌల్ విప్పి కడిగి, పెట్రోలు వెళ్లే జెట్ రంధ్రంలో సన్నటి రాగి తీగ పోనివ్వండి. సూది మాత్రం వద్దు, రంధ్రం పెద్దదైపోతుంది.

కొన తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, కానీ మండటం లేదు. ప్లగ్ బయటే ఉంచి స్విచ్ ఆపి, చోక్ తెరిచి, పదిసార్లు లాగితే లోపల నిండిన పెట్రోలు బయటికి పోతుంది. ఒలికింది తుడిచి, ఆవిరి పోయాక, ప్లగ్గును తుడిచి గ్యాప్ 0.6–0.7 మి.మీ. ఉండేలా సరిచేయండి. టోపీ తగిలించి, ప్లగ్ లోహాన్ని ఇంజన్‌కు ఆనించి, స్విచ్ వేసి లాగండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉండాలి, ఆవిరి అంటుకోవచ్చు. నీలంగా స్పార్క్ రావాలి. రాకపోతే కొత్త ప్లగ్ వేసి చూడండి. అయినా రాకపోతే ఆపే స్విచ్ వైరు ఊడదీసి చూడండి. అది ఒరుసుకుపోయి బాడీకి తగలడం ఈ పంపుల్లో మామూలే. ఆ తర్వాతే స్పార్క్ పుట్టించే కాయిల్ చూడండి. కాయిల్‌కూ మాగ్నెట్ చక్రానికీ మధ్య 0.3 మి.మీ. చాలు. విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే దాదాపు అంతే వస్తుంది.

పెట్రోలూ స్పార్కూ రెండూ ఉన్నా పలకకపోతే సైలెన్సర్ విప్పండి. పిస్టన్ ఆ రంధ్రాన్ని మూసేదాకా తాడు మెల్లగా లాగి, పుల్లతో మసి గీకండి. ఇనుప మొనలు వాడితే పిస్టన్ మీద గీతలు పడతాయి. ఇవన్నీ అయ్యేదాకా కార్బొరేటర్ స్క్రూలు తిప్పొద్దు.

ప్రశ్న: మా తైవాన్ పంపు ఉదయం ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది. రెండు ట్యాంకులు కొట్టి ఆపితే మళ్లీ చల్లారేదాకా పలకదు.
– పత్తి రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: వేడి ఇంజన్‌కు చోక్ వేస్తున్నారేమో చూసుకోండి, వేస్తే పెట్రోలు నిండిపోతుంది. తర్వాత ట్యాంకు మూత వదులు చేసి లాగండి. పలికితే మూతలోని గాలి రంధ్రం పూడినట్టే. అదీ కాకపోతే వేడిగా ఉన్నప్పుడే స్పార్క్ చూడండి. చల్లగా వచ్చి వేడికి పోతుంటే కాయిల్ మార్చాల్సిందే. స్పార్క్ బాగుంటే, ఆపిన ఇంజన్‌ను తాడు పిడి పట్టుకుని పైకెత్తండి. ఆగకుండా జర్రున దిగిపోతే కంప్రెషన్ లేదు, పిస్టన్ రింగులు అరిగాయి. అది మెకానిక్ పని.

ప్రశ్న: పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపే నీళ్ల ఇంజన్ మర్నాడు మొరాయిస్తోంది.
– కౌలు రైతు, కృష్ణా జిల్లా

జవాబు: కిరోసిన్ మీదే ఆపేస్తున్నారు. చల్లటి ఇంజన్‌లో కిరోసిన్ ఆవిరి కాదు. కార్బొరేటర్ కింది బోల్టు వదులు చేసి బౌల్‌లోది కార్చేసి, పెట్రోలు వదిలి లాగండి. ఇకమీదట ఆపే ముందు ఇంధనం మార్చే కాక్‌ను పెట్రోలుకు తిప్పి రెండు మూడు నిమిషాలు నడపండి. స్పార్కే రాకపోతే ఆయిల్ చూడండి. కొన్ని ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో ఆయిల్ తగ్గితే స్పార్క్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. గట్టు మీద ఒరిగి ఉన్నా అంతే, చదునుగా పెట్టి లాగి చూడండి.