ఆ రెండంగుళాలు ఎటు పోతాయి?

ప్రశ్న: మాది నెల్లూరు, ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. నిరుడు టయోటా జీఆర్86 కొన్నాను. కంపెనీ చక్రాలు 18 అంగుళాలవి, వెడల్పు 7.5, ఆఫ్‌సెట్ +48. చక్రాలు ఫెండర్ (మడ్‌గార్డ్) లోపలికి నక్కినట్టు కనిపిస్తున్నాయని వెడల్పు 9.5, ఆఫ్‌సెట్ +22 ఉన్నవి చూసి పెట్టుకున్నాను. 225/40 టైర్లు వేస్తామని, లోపల ఏమీ తగలదని షాపువాళ్లు భరోసా ఇస్తున్నారు. రోజూ ఆఫీసుకు ఇదే కారు, వీలైనప్పుడు ట్రాక్‌కూ తీసుకెళ్లాలని ఉంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. లోపల తగలదన్నది నిజమే. బయట ఏమవుతుందో వాళ్లు చెప్పలేదు. ఒక కాగితం తీసుకోండి, లెక్క వేద్దాం.

చక్రం హబ్‌కు (చక్రాన్ని బిగించే మధ్యభాగానికి) ఆనుకునే ముఖానికీ, రిమ్ము వెడల్పులో సరిగ్గా నడిమికీ ఉన్న దూరమే ఆఫ్‌సెట్. ప్లస్ ఎంత ఎక్కువైతే చక్రం అంత లోపలికి కూర్చుంటుంది. మీ 7.5 అంగుళాలంటే దాదాపు 190 మి.మీ., అందులో సగం 95. దానికి 48 కలిపితే లోపలివైపు 143, తీసేస్తే బయటివైపు 47. ఇప్పుడు కొత్తది చూడండి. 9.5 అంగుళాలు 241 మి.మీ., సగం 120 చిల్లర. 22 కలిపితే మళ్లీ అదే 143! తీసేస్తే 99. అంటే లోపల మార్పే లేదు, పెరిగిన రెండంగుళాలూ మొత్తం ఫెండర్ వైపే వచ్చేశాయి.

ఫెండర్‌కు ఒరుసుకోవడం ఒక్కటే సమస్య అయితే ఇంత గట్టిగా వద్దనేవాణ్ణి కాదు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం ఏటవాలుగా ఉన్న ఒక ఇరుసు గీత మీద తిరుగుతుంది. ఆ గీత నేలను తాకే చోటుకూ, టైరు నేలమీద ఆనే నడిమికీ మధ్య దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కారు చేసినవాళ్లు దీన్ని మిల్లీమీటర్లలో కుదిరిస్తారు. మీరు టైరు నడిమిని ఏకంగా 26 మి.మీ. బయటికి లాగబోతున్నారు. గతుకు తగిలిన ప్రతిసారీ స్టీరింగ్ చేతుల్లో గుంజుతుంది. ఒక చక్రం తడిమీద, ఒకటి పొడిమీద ఉండగా బ్రేకు వేస్తే కారు లాగే తీరు మారిపోతుంది. వీల్ బేరింగ్ మీద భారం సరేసరి. ఈ కారుకున్న గొప్ప సుగుణమే దాని స్టీరింగ్, దాన్ని చేజేతులా పాడుచేసుకోవద్దు.

టైరు సంగతి కూడా ఉంది. 225/40 అంటే వెడల్పు 225 మి.మీ., గోడ ఎత్తు అందులో 40 శాతం. ఆ టైరును 7.5 నుంచి 9 అంగుళాల రిమ్ముల కోసం చేస్తారు. 9.5 మీద ఎక్కిస్తే టైరు గోడలు సాగి, రిమ్ము అంచు టైరుకన్నా ముందుకు పొడుచుకొస్తుంది. గుంటలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే.

నేనైతే 17 అంగుళాలు, వెడల్పు 8, ఆఫ్‌సెట్ +45, టైరు 225/45 తీసుకుంటాను. లోపలికి 3 మి.మీ., బయటికి 9 మి.మీ. మాత్రమే తేడా. ఇదే కారు బేస్ మోడల్ 17 అంగుళాల చక్రాలతోనే వస్తుంది కాబట్టి మామూలు బ్రేకులకు ఇబ్బంది లేదు. మీది పెద్ద బ్రెంబో బ్రేకులున్న కారైతే మాత్రం చక్రం పెట్టి చూశాకే డబ్బు కట్టండి. టైరు చుట్టుకొలత ఇప్పటిదానికంటే ఒక్క శాతంలోపే పెరుగుతుంది, స్పీడోమీటర్‌కు టెన్షన్ లేదు. ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు 17 అంగుళాల టైర్లు చవక కూడా.

18 అంగుళాలే కావాలంటే వెడల్పు 8.5, ఆఫ్‌సెట్ +45 దగ్గర ఆగండి. అప్పుడు లోపలివైపు 10 మి.మీ. దగ్గరవుతుంది, కాబట్టి ముందు చక్రం దగ్గరి స్ట్రట్‌కూ (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు గొట్టానికీ) టైరుకూ మధ్య సందు కొలవాలి. కనీసం 5 మి.మీ. మిగలాలి. క్యాంబర్ (చక్రం నిలువు వంపు) సర్దే బోల్టులు వేయించే ఆలోచన ఉంటే అవి వేసి, అలైన్‌మెంట్ చేయించాకే కొలవండి. ఆ బోల్టులు స్ట్రట్‌ను కదపకుండా చక్రాన్ని మాత్రమే వంచుతాయి, టైరు పైభాగం స్ట్రట్ మీదికి వస్తుంది. పైన బిగించే క్యాంబర్ ప్లేట్లతో ఈ బాధ లేదు, స్ట్రట్టూ చక్రమూ కలిసే వంగుతాయి.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. బ్యాడ్జి టయోటాదైనా ఈ కారు తయారయ్యేది జపాన్‌లోని ఓటాలో, సుబారు ఫ్యాక్టరీలో. అందుకే బోల్టుల అమరిక 5×100 (100 మి.మీ. వలయం మీద ఐదు బోల్టులు), చాలా టయోటాల్లో ఉండే 5×114.3 కాదు. హబ్ నుంచి బయటికి ఉండి నట్టు ఎక్కే స్టడ్డుకు మర పిచ్ (మర గాళ్ల మధ్య దూరం) 1.25 మి.మీ., టయోటాల్లో మామూలుగా ఉండే 1.5 నట్లు బలవంతంగా తిప్పితే మర చెడిపోతుంది. హబ్ వ్యాసం 56.1 మి.మీ. చక్రం మధ్య రంధ్రం అంతకన్నా పెద్దదైతే సరైన కొలత రింగులు అడిగి తీసుకోండి, లేకపోతే వేగంలో స్టీరింగ్ వణకొచ్చు.

ప్రశ్న: నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ, ఉండేది హైదరాబాద్. చక్రాలు మార్చకుండా 20 మి.మీ. స్పేసర్లు వేయించుకుంటే చాలంటున్నారు. పరవాలేదా?

జవాబు: స్పేసర్ అంటే హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే బిళ్ల. అది ఎంత మందమో ఆఫ్‌సెట్ అంత తగ్గినట్టే, పై జవాబులో చెప్పిన స్క్రబ్ రేడియస్ గొడవే మీకూ వస్తుంది. పైగా మీ కారుకు స్టడ్డులుండవు, బోల్టులే హబ్‌లోకి దిగుతాయి. హబ్‌కూ చక్రానికీ మధ్య ఊరికే పెట్టే రకం స్పేసరైతే బోల్టులు కూడా ఇప్పటివాటికన్నా 20 మి.మీ. ఎక్కువ పొడవువి కావాలి. పాత బోల్టులతో బిగిస్తామంటే అక్కడ కారు దింపకండి. ఆ మరలు హబ్‌ను సరిగా పట్టవు, పరుగులో చక్రం ఊడొచ్చే ప్రమాదం ఉంది.