ముందు మోటార్, తర్వాతే లిఫ్ట్

ప్రశ్న: వడ్రంగం నాకు సరదా. చేతి రౌటర్‌తో, అంటే వేగంగా తిరిగే బిట్ అనే కోత పనిముట్టుతో చెక్కను చెక్కే యంత్రంతో, చెక్క అంచులు దిద్దుతాను, గాడులు తీస్తాను. ఇప్పుడు రౌటర్‌ను తలకిందులుగా కింద బిగించే బల్ల, అంటే రౌటర్ టేబుల్, తయారు చేసుకోవాలని ఉంది. బల్ల కింద రౌటర్ మోటార్‌ను పైకీ కిందికీ జరిపే ఒక లిఫ్ట్ నచ్చింది. దానికి ఏ మోటార్ తీసుకోవాలి? మూడుంబావు హార్స్‌పవర్ అవసరమా? నా దగ్గరున్న ప్లంజ్ రౌటర్ (మోటార్‌ను కడ్డీల మీద కిందికి నొక్కే రకం) పనికి రాదా?

జవాబు: నచ్చిన లిఫ్ట్‌ను కాసేపు పక్కన పెట్టండి. మోటార్ ఏదో తేలనిదే లిఫ్ట్ సంగతి తేలదు. లిఫ్ట్ చేసే పనల్లా మోటార్ ఒంటిని గట్టిగా పట్టుకుని, మర తిప్పినప్పుడు పైకీ కిందికీ నడపడమే. బేస్‌లోంచి మోటార్ మొత్తం విడిగా బయటికి వచ్చే ఫిక్స్‌డ్ బేస్ రౌటర్లే దానికి తగినవి. మధ్యరకం మోటార్ల వ్యాసం దాదాపు 3.5 అంగుళాలు ఉంటుంది. పోర్టర్ కేబుల్ 7518 లాంటి భారీ మోటార్‌ది 4.2 అంగుళాలు. పెద్ద కొలతకు చేసిన లిఫ్టుల్లో చిన్న మోటార్లు పట్టేలా అడాప్టర్లు కూడా దొరుకుతాయి. తయారీదారు ఇచ్చే జాబితాలో మీ మోటార్ మోడల్ నంబరు ఉండి తీరాలి. ‘దాదాపు సరిపోతుంది లెండి’ అని అమ్మేవారు అంటే డబ్బు జేబులోంచి తీయకండి. పట్టులో ఏ కాస్త వదులున్నా, నిమిషానికి 20 వేల చుట్లు తిరిగే మోటార్ దాన్ని మీ చెక్క మీద అలలుగా చూపిస్తుంది.

ప్లంజ్ రౌటర్ సాధారణంగా లిఫ్ట్‌లో పట్టదు. కిందికి దిగే కడ్డీలు మోటార్ కవచంతో కలిసే ఉంటాయి కాబట్టి మోటార్‌ను విడదీయలేం. కొన్ని మాత్రం లిఫ్ట్ లేకుండానే టేబుల్ కింద పనిచేస్తాయి. ట్రైటన్ టీఆర్‌ఏ001 అలాంటిదే. లోపలి స్ప్రింగ్ తీసేసి బిగిస్తే, రౌటర్‌ను బల్లకు బిగించే ప్లేటులోని రంధ్రం గుండా పిడి పెట్టి పై నుంచే ఎత్తు మార్చవచ్చు. పూర్తిగా పైకి తెస్తే షాఫ్ట్ దానంతటదే లాక్ అవుతుంది, ఒక్క స్పానర్‌తో బిట్ మార్చేయవచ్చు. మీది ఆ రకమైతే లిఫ్ట్ ఆలోచనే మానుకోండి. ఆ డబ్బుతో మంచి బిట్లు కొనుక్కోవడం మేలు.

ఇక హార్స్‌పవర్. డబ్బా మీద ముద్రించిన ఆ అంకెను నేను నమ్మను. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఆ లెక్కన మూడుంబావు అంటే 2,400 వాట్లు దాటాలి. అదే ముద్ర ఉన్న 120 వోల్టుల మోటార్ నేమ్‌ప్లేట్ చూస్తే 15 ఆంపియర్లు అని ఉంటుంది. గుణిస్తే 1,800 వాట్లు. లోపలికి వెళ్లేదే అంతైతే, బయటికి అంతకంటే ఎక్కువ నిలకడగా ఎక్కడి నుంచి వస్తుంది? అది క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరుతో వేసిన అంకె. కాబట్టి రెండు మోటార్లను పోల్చేటప్పుడు వాట్లు చూడండి, లేదా వోల్టులను ఆంపియర్లతో గుణించుకోండి. అంచులు దిద్దడానికి, గాడులు తీయడానికి 1,400 వాట్ల మోటార్ చాలు. తలుపు పలకల అంచులు చెక్కే పెద్ద బిట్లు వాడతానంటే భారీ మోటార్ తీసుకోండి.

పెద్ద బిట్‌కు శక్తి ఒక్కటే ఉంటే చాలదు, వేగం తగ్గించే వీలూ ఉండాలి. 75 మిల్లీమీటర్ల బిట్‌ను నిమిషానికి 22 వేల చుట్లు తిప్పితే దాని అంచు గంటకు 310 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 12 వేలకు దించితే అది 170కి వస్తుంది. మూడు అంగుళాలు, ఆపైన ఉన్న బిట్లను 10 నుంచి 12 వేల చుట్ల మధ్యే వాడాలి. అందుకే వేగ నియంత్రణ లేని మోటార్ ఎంత చవకగా వచ్చినా టేబుల్‌కు వద్దు. మెల్లగా మొదలయ్యే సాఫ్ట్ స్టార్ట్, బిట్‌ను బిగించి పట్టుకునే కోలెట్ అర అంగుళం షాంక్ (బిట్ కాడ) పట్టేదిగానూ ఉండాలి.

మోటార్ ఖాయమయ్యాక లిఫ్ట్ దగ్గరికి వెళ్దాం. దాని నాణ్యత తెలిసేది లాక్‌లో. మర తిప్పి ఎత్తు సరిచేసి, బిట్ కొనకు డయల్ గేజ్ (సన్నని కదలికనూ ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి, లాక్ బిగించండి. ముల్లు కదిలిందంటే ఆ లిఫ్ట్ వద్దు. మెరిసే అల్యూమినియం ప్లేటును చూసి మోసపోయేవారు ఈ ఒక్క పరీక్ష చేయరు. అంగుళానికి 16 మరలుంటే ఒక చుట్టుకు 1.6 మిల్లీమీటర్లు కదులుతుంది, 32 ఉంటే అందులో సగం. ఎంత మంచి మరలోనైనా కొంత వదులు తప్పదు. బిట్‌ను దించాల్సి వస్తే అవసరానికి మించి దించి, మళ్లీ పైకి తెచ్చి ఆపండి. కోలెట్ ప్లేటు పైకి వచ్చి స్పానర్ అందాలి. అన్నట్టు, ప్లేట్లన్నీ ఒకే కొలతలో రావు. 9.25 × 11.75 అంగుళాలవి ఉన్నాయి, 8.25 × 11.75వీ ఉన్నాయి. లిఫ్ట్ చేతికి వచ్చాకే బల్లకు రంధ్రం కోయండి.

ప్రశ్న: రౌటర్ మోటార్ చప్పుడు భరించలేకపోతున్నాను. దాని బదులు సీఎన్‌సీ స్పిండిల్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రాల్లో బిట్‌ను తిప్పే మోటార్) పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. రౌటర్‌లో ఉండేది బ్రష్‌లతో తిరిగే యూనివర్సల్ మోటార్, దాని గోల అంతా ఇంతా కాదు. స్పిండిల్‌లో సాధారణంగా ఇండక్షన్ మోటార్ ఉంటుంది. 2.2 కిలోవాట్ల స్పిండిళ్లు ఎక్కువగా 80 మిల్లీమీటర్ల వ్యాసంతో, ఈఆర్20 అనే కొలత కోలెట్‌తో వస్తాయి. అర అంగుళం షాంక్ అందులో పడుతుంది. వాటికి వీఎఫ్‌డీ, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి మోటార్ వేగాన్ని మార్చే పరికరం, కావాలి. అది 400 హెర్ట్జ్ ఇస్తే మోటార్ 24 వేల చుట్లు తిరుగుతుంది. 200 హెర్ట్జ్‌కు దించితే చుట్లు 12 వేలవుతాయి, అందే శక్తి కూడా దాదాపు సగమవుతుంది. పెద్ద బిట్‌ను తిప్పేది సరిగ్గా ఆ వేగంలోనే కాబట్టి, 2.2 కిలోవాట్ల కంటే తక్కువది తీసుకోకండి. వీఎఫ్‌డీకీ మోటార్‌కూ మధ్య స్విచ్ పెట్టకూడదు. మూడు తీగల్లో రెండు తారుమారైతే మోటార్ ఎదురు తిరుగుతుంది. టేబుల్ పై నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరగాలి. ఇది బిట్ పెట్టకముందే చూసుకోండి.

ప్రశ్న: లిఫ్ట్‌కు స్టెప్పర్ మోటార్ (కొంచెం కొంచెంగా, లెక్క ప్రకారం తిరిగే మోటార్) పెట్టి, ఎత్తును తెర మీద అంకెల్లో చూసుకుంటే ఎలా ఉంటుంది?

జవాబు: సరదాగా ఉంటుంది. చుట్టుకు 200 అడుగులు వేసే స్టెప్పర్, చుట్టుకు 2 మిల్లీమీటర్లు జరిపే మర కలిస్తే ఒక్కో అడుగు 0.01 మిల్లీమీటరు. గాలిలో తేమ మారితే చెక్క అంతకంటే ఎక్కువే ఉబ్బుతుంది, కుంగుతుంది. ఒకే రకం జాయింట్లు పదే పదే చేసేవారికి పాత ఎత్తులు గుర్తుపెట్టుకునే సదుపాయం నిజంగా అక్కరకొస్తుంది. అప్పుడప్పుడు చేసేవారికి గేజ్ ఒకటి, పరీక్షకు తుక్కు చెక్క ఒకటి చాలు. ఎలాగైనా పెట్టి తీరతానంటే, మరను చేత్తోనూ తిప్పుకునే అమరికనే ఎంచుకోండి.